మొనగాడు ఒక్కడుంటే జట్టు కాదు

రాయపోల్ : సంక్రాంతి దగ్గర పడిందంటే ఊళ్లలో బడి మైదానాలకు కళ వస్తుంది. వానాకాలం వరి ఇంటికి చేరి, యాసంగి పనులు ఇంకా ఊపందుకోని ఆ నాలుగు రోజుల్లో యువకులకు కాస్త తీరిక దొరుకుతుంది. సున్నంతో గీతలు గీస్తారు. కర్రలు పాతి వల కడతారు. మైకు సెట్టు వాడికి బయానా ఇస్తారు. కబడ్డి, వాలీబాల్ పోటీల కరపత్రాలు కిరాణా దుకాణం గోడ మీదికి ఎక్కుతాయి. రాయపోల్ మండలంలోనే కాదు, అటు దుబ్బాక వైపు, ఇటు గజ్వేల్ వైపు ఏ ఊరికి వెళ్లినా ఇదే సందడి కనిపిస్తుంది.

పోటీలో చేరే జట్టుకు ప్రవేశ రుసుము కట్టించుకుని ఒక కాగితం ఇస్తారు. ఏడుగురు ఆటగాళ్ల పేర్లు, కింద అదనపు ఆటగాళ్ల పేర్లు అందులో రాయాలి. అన్నిటికన్నా పైన, మొదటి గీత మీద కెప్టెన్ పేరు రాయాలి. ఆ ఒక్క గీత నింపడానికే చాలా ఊళ్లలో రెండు రాత్రులు పంచాయితీ నడుస్తుంది.

ఎవరి పేరు రాస్తారు? చందా ఎక్కువ ఇచ్చిన వారి అబ్బాయి పేరు రాస్తారు. లేదా పలుకుబడి వున్న ఇంటి అబ్బాయి పేరు రాస్తారు. ఈ రెండూ కాకపోతే, కూతకు వెళ్లి ఇద్దరిని ముట్టుకుని వచ్చే మొనగాడి పేరు రాస్తారు. మొనగాడి పేరు రాస్తే ఎవరూ కాదనరు. ‘ఆట వచ్చినవాడే కెప్టెన్’ అన్నది ఊళ్లలో చట్టం లాంటి మాట.

రోజూ సాయంత్రం అందరికన్నా ముందు వచ్చి మైదానంలో రాళ్లు ఏరేవాడు ఒకడుంటాడు. అలిగి ఇంట్లో కూర్చున్నవాణ్ణి బతిమాలి పిలుచుకొచ్చేది వాడే. ఓడిపోయిన నాడు అందరికీ చాయ్ తాగించి, రేపు మళ్లీ రమ్మని చెప్పేది కూడా వాడే. వాడి పేరు మాత్రం ఆ కాగితంలో అడుగున, అదనపు ఆటగాళ్ల వరుసలో వుంటుంది.

తర్వాత ఏమవుతుందో ఊళ్లవారికి చెప్పనక్కర లేదు. మొదటి రెండు ఆటలు మొనగాడి బలం మీద గెలుస్తారు. మూడో ఆటలో అవతలి జట్టు అతని కాలు కనిపెడుతుంది. రెండుసార్లు పట్టుబడగానే అతను పక్కవాడి మీద అరుస్తాడు. పక్కవాడు మాటకు మాట అంటాడు. అంపైర్ మీద గొడవ, ఆ వెంటనే ‘మేం ఆడం’ అని మైదానం వదిలి రావడం. షీల్డు పక్క ఊరికి పోతుంది. అది పోతే పోయింది. ఆ రోజు మాట అనుకున్న ఇద్దరు మరుసటి పండుగ దాకా ఒకరినొకరు పలకరించుకోరు. ఒక్కోసారి వారి ఇళ్లు కూడా పలకరించుకోవు. ఆట కోసం కలిసిన ఊరు ఆట వల్లే రెండుగా చీలుతుంది.

కాబట్టి కెప్టెన్ ఎవరన్నది చిన్న సంగతి కాదు. ఆ గీత మీద ఆట వచ్చినవాడి పేరు రాయాలా, మనుషుల్ని కలిపి వుంచగలవాడి పేరు రాయాలా అన్నది తేల్చుకోవలసిన ప్రశ్న.

బయట కూర్చున్న మొనగాడు

కబడ్డి ఆటను కాస్త నిదానంగా చూస్తే ఆ ప్రశ్నకు జవాబు ఆటలోనే కనిపిస్తుంది.

కూతకు వెళ్లేవాడు ఒక్కడు. ఎదురుగా ఏడుగురు. అందుకే చూసేవారి కళ్లన్నీ అతని మీదే వుంటాయి. చప్పట్లు అతనికే. కాని అతను పట్టుబడితే బయట కూర్చోవాలి. తన జట్టు ఒక పాయింటు తెస్తే తప్ప మళ్లీ లోపలికి రాలేడు. అంటే ఎంత గొప్ప ఆటగాడైనా అవుటైన క్షణం నుంచి అతని ఆట మిగిలిన ఆరుగురి చేతిలో వుంటుంది. నిన్నటిదాకా అతను ఎవరిని చిన్నచూపు చూశాడో వారే అతన్ని లోపలికి తేవాలి.

పట్టు కూడా అంతే. మీదికి వచ్చినవాణ్ణి ఒక్కడే పట్టుకుంటే విదిలించుకుని పోతాడు. మూలన వున్నవాడు చీలమండ పట్టిన మరుక్షణం పక్కనున్నవాడు నడుము పట్టాలి, మూడోవాడు గీత వైపు దారి మూయాలి. చేతిలో చెయ్యి వేసి నిలబడే ఇద్దరిలో ఒకడు ముందు దూకి, రెండోవాడు వెనక్కి తగ్గితే ఇద్దరూ అవుటే. పక్కవాడు వస్తాడన్న నమ్మకం లేనిదే ఎవడూ కాలు పట్టడానికి దూకడు. ఆ నమ్మకం పోటీ రోజు పుట్టేది కాదు. నెల రోజుల ముందు నుంచి రోజూ కలిసి చెమటోడిస్తే వస్తుంది.

ఇక కెప్టెన్ పని లెక్కకు సంబంధించింది. ముగ్గురే మిగిలినప్పుడు తొందరపడాలా, ఆగాలా? ముందంజలో వున్నప్పుడు ఖాళీగా కూత పెట్టి వచ్చి సమయం గడపాలా? పెద్ద పోటీల నియమాల ప్రకారం ఒక కూతకు 30 సెకన్లే గడువు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేకుంటే అవుట్. ఆ మూడో కూతకు ఎవరిని పంపాలన్నది క్షణంలో తేల్చాలి. వేడి మీద వున్నవాడికి ఆ లెక్క అందదు. తానే హీరో కావాలనుకునేవాడు ప్రతిసారీ తానే వెళతాడు. చల్లని తల వున్నవాడు అవతలి జట్టును చూసి, తనకన్నా తగినవాణ్ణి పంపుతాడు.

కోట్లు పోసినా...

ఇది ఊరి ఆటకే పరిమితమైన సంగతి కాదు. టీవీల్లో అందరూ చూసే ప్రొ కబడ్డిలోనూ ఇదే జరిగింది.

2023 వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసుకున్నది. ఆ లీగ్‌లో అప్పటిదాకా ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. దేశంలోని మేటి రైడర్లలో అతను ఒకడని ఎవరూ కాదనలేరు. అయినా ఆ సీజన్‌లో తెలుగు టైటాన్స్ 22 ఆటలు ఆడి రెండే గెలిచింది. 12 జట్లలో ఆఖరి స్థానంలో నిలిచింది. తప్పు ఆ ఒక్క ఆటగాడిది కాదు. ఒక్కడి మీద అంత బరువు వేస్తే ఏ జట్టుకైనా నడుము నిలవదు.

అదే సీజన్‌లో పుణేరి పల్టన్ విజేత అయింది. 2024 మార్చి 1న మన హైదరాబాద్‌లోనే జరిగిన ఫైనల్‌లో హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించింది. ఆ జట్టు కూడా ఇరాన్ ఆటగాడు షాద్లూయి కోసం రెండు కోట్లకు పైగా ఖర్చు పెట్టింది. డబ్బు పెట్టకూడదని గాని, గొప్ప ఆటగాడు అక్కర లేదని గాని దీని అర్థం కాదు. అస్లం ఇనాందార్ నాయకత్వంలో ఆ జట్టులో పాయింట్లు తెచ్చే చేతులు అనేకం వున్నాయి. ఒకరు అవుటైతే మరొకరు లేచారు. 2025లో తెలుగు టైటాన్స్ సంగతి కూడా మారింది. వేలంలో అంత పెద్ద ధర పలకని విజయ్ మాలిక్ నాయకత్వంలో ఆ జట్టు ప్లేఆఫ్ దశకు చేరుకున్నది.

పేర్లు పెద్దవి, కప్పు దూరం

క్రికెట్‌లో హైదరాబాద్ జట్టు కథ ఇంకా పాతది. 1960ల చివర, 1970ల మొదట హైదరాబాద్ జట్టు పేరు చెబితే దేశమంతా తల తిప్పి చూసేది. ఎం.ఎల్. జయసింహ, మన్సూర్ అలీఖాన్ పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ వంటి టెస్టు ఆటగాళ్లు ఒకే జట్టులో ఆడేవారు. అంతటి జట్టుకు రంజీ ట్రోఫీ చేతికి రాలేదు. 1937-38లో మొదటిసారి గెలిచిన హైదరాబాద్‌కు రెండోసారి గెలుపు 1986-87లో గాని దక్కలేదు. అప్పుడు కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. ఆయన దేశం తరఫున ఆడింది నాలుగు టెస్టులే. ఆ తరమంత పెద్ద పేర్లు లేని జట్టుతో, ఢిల్లీ వారి సొంత మైదానంలో, ఢిల్లీ మీదే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో కప్పు తెచ్చారు.

నరసింహారావు తర్వాత ఉత్తర ఐర్లాండ్‌లో స్థిరపడ్డారు. మతం పేరిట దశాబ్దాల పాటు చీలిపోయిన అక్కడి సమాజంలో పిల్లలకు క్రికెట్ నేర్పించారు. క్రికెట్‌కు, అక్కడి ప్రజలకు చేసిన సేవకు బ్రిటన్ ప్రభుత్వం ఆయనకు ఎం.బి.ఇ. గౌరవం ఇచ్చింది. మనుషుల్ని కలిపే గుణం మైదానం దాటి ఎంత దూరం పోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

జయసింహ కాలపు జట్టులో మరో గొప్ప సంగతి వుంది. పటౌడీ భారత జట్టుకు కెప్టెన్. నవాబుల బిడ్డ. అయినా హైదరాబాద్ తరఫున ఆడేటప్పుడు జయసింహ కెప్టెన్‌గా వుంటే, ఆయన చెప్పిన చోట నిలబడి ఫీల్డింగ్ చేశాడు. దేశానికి నాయకుడైనవాడు ఊరి జట్టులో ఒకడిగా వుండగలిగాడు. ‘నేను కెప్టెన్ కాకపోతే ఆడను’ అని మూతి ముడిచే మన యువకులు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

బడిపంతులు నడిపిన జట్టు

ఈ విషయంలో అందరికన్నా ముందు చెప్పుకోవలసిన మనిషి హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన రహీం వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. అందుకే ఆటగాళ్లందరికీ ఆయన ‘రహీం సాబ్’. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు, భారత జట్టుకు ఆయనే శిక్షకుడు. 2024లో ఆయన జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చిన తర్వాత ఈ తరం వారికి కూడా ఆ పేరు తెలిసింది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద జట్లకు డబ్బు వుంది, లక్షల అభిమానులున్నారు. ఇక్కడ వున్నది పోలీసు కొలువు చేసుకుంటూ ఆడే కుర్రాళ్లు. వారిని రహీం ఒక తాటి మీద నడిపించాడు. బంతిని ఎవడూ కాలి దగ్గరే పెట్టుకుని గారడీ చెయ్యకూడదన్నది ఆయన నియమం. ఒక తాకుతో ఆపు, రెండో తాకుతో పక్కవాడికి ఇవ్వు. రోజూ ఇదే సాధన. బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతు మీద కూడా కుర్రాళ్లకు పోటీలు పెట్టేవాడు. గొప్పవాణ్ణి మరింత గొప్పవాణ్ణి చెయ్యడం ఆయన ఉద్దేశం కాదు. పదకొండు మందిలో ఎవడి దగ్గరికి బంతి వెళ్లినా జట్టు తడబడకుండా వుండాలన్నదే ఆయన పట్టుదల.

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయింది. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అంత అవమానం తర్వాత కొందరైతే శిక్షకుడి పదవి వదిలి పోయేవారు. రహీం పోలేదు. నాలుగేళ్ల తర్వాత 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను వారి గడ్డ మీద 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. సెమీఫైనల్‌లో అదే యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే. ఆ తర్వాత 4-1తో ఓడినా, మొత్తం మీద నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఎన్నడూ వెళ్లలేదు.

ఆ జట్టులో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వున్నాడు. పేదింటి బిడ్డ. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రవాడు. తర్వాత 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్లు చేసి పేరు తెచ్చుకున్నాడు. ప్రతిభ ఎక్కడున్నా వెతికి తెచ్చిన రహీం, దాన్ని జట్టుకు అణకువగా వాడడం కూడా నేర్పించాడు.

జకార్తాలో ఆ రోజు

రహీం పనితనం అంతా ఒక్కచోట కనిపించింది 1962లో, ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆటగాళ్ల ముందు తన జబ్బు సంగతి ఆయన పెద్దగా ఎత్తలేదు.

మొదటి ఆటలోనే భారత్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయింది. ఇంటికి తిరిగి రావలసిందే అనుకున్నారు. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచారు. కాని ఆ ఆటలో రక్షణ పంక్తికి వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తలకు బలమైన దెబ్బ తగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరారు.

బయట పరిస్థితి ఇంకా దారుణం. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడా పెద్ద జి.డి. సోంధి తప్పు పట్టారు. దాంతో జకార్తాలో జనం భారత్ మీద ఆగ్రహంతో వున్నారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. భారత ఆటగాళ్లు ఎక్కడికి వెళ్లినా గేలి చేశారు.

అప్పుడు రహీం చేసిన పని చూడండి. తలకు కుట్లు వున్న జర్నైల్‌ను రక్షణలో నిలబెడితే ప్రతి బంతినీ తలతో ఆపవలసి వస్తుంది. అలాగని అంత గుండె ధైర్యం వున్నవాణ్ణి బయట కూర్చోబెట్టడం ఇష్టం లేదు. అతన్ని ముందు వరుసలో ఆడించాడు. రోజూ గోళ్లు ఆపే మనిషి గోళ్లు చెయ్యడానికి వెళ్లాడు. ముందు వరుసలో ఆడేవారు ‘మా చోటు అతనికి ఎందుకు’ అనలేదు. తలకు కట్టుతోనే సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ ఒక గోలు చేశాడు. కెప్టెన్ చునీ గోస్వామి రెండు గోళ్లు చేశాడు. భారత్ 3-2తో ఫైనల్ చేరింది.

ఫైనల్ ముందు రాత్రి రహీం ఆటగాళ్లతో కలిసి నడుస్తూ, రేపు తనకు ఒక కానుక కావాలని, అది బంగారు పతకమని కోరినట్లు వారు తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు.

1962 సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మొదటి ఆటలో ఓడించిన దక్షిణ కొరియానే. స్టేడియంలో దాదాపు లక్ష మంది, అందరూ భారత్‌కు వ్యతిరేకం. మనవారి తరఫున చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్లు. జ్వరంతో బాధపడిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ గోలు ముందు నిలబడ్డాడు. హైదరాబాద్‌కు చెందిన యూసుఫ్ ఖాన్, బలరాం ముందు వరుసలో వున్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోళ్లు చేశారు. ఆట ముగిసే ముందు కొరియా ఒక గోలు తిరిగి ఇచ్చింది. మిగిలిన నిమిషాలు మనవారు కాచుకున్నారు. 2-1తో బంగారు పతకం మనదయింది.

1963 జూన్ 11న రహీం కన్నుమూశాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి బంగారు పతకం మళ్లీ రాలేదు. ప్రతిభ గల ఆటగాళ్లు పుట్టలేదని అనలేం. వారిని ఒక్కటి చేసి నిలబెట్టే అలాంటి మనిషి దొరకలేదు.

గుణం అంటే మెతకదనం కాదు

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. గుణవంతుణ్ణి కెప్టెన్ చెయ్యాలంటే ఆట రాని మంచి పిల్లవాణ్ణి తెచ్చి నిలబెట్టాలని కాదు. మైదానంలో ఆట రానివాడి మాట ఎవరూ వినరు. రహీం ఎంచుకున్నవారందరికీ ఆట వచ్చు. జర్నైల్ సింగ్ ఆసియాలోనే పేరున్న ఆటగాడు. పటౌడీ ఆటకు వంక పెట్టేవారే లేరు. అయితే ఆట బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురిలో ఎవరి వెంట మిగిలినవారు నడుస్తారో చూసి వాణ్ణి ఎంచుకోవాలి.

గుణం అంటే ఎవరినీ ఏమీ అనకపోవడం కూడా కాదు. సాధనకు రాని స్నేహితుణ్ణి బయట కూర్చోబెట్టగలగాలి. సొంత అన్నకొడుకైనా తప్పు చేస్తే చెప్పగలగాలి. అంపైర్ తప్పు చేసినట్లు తోచినా ఒక్క మాటతో అడిగి, జట్టును మళ్లీ ఆటలోకి తేగలగాలి. ఓటమికి ముందు తన తప్పు ఒప్పుకోవాలి. గెలుపులో మాత్రం పక్కవాడి పేరు ముందు చెప్పాలి. ఈ పనులన్నీ కూతకు వెళ్లడం కన్నా కష్టమైనవి. మైకులో వీటి గురించి ఎవరూ చెప్పరు.

మొనగాడి గురించి కూడా ఆలోచించాలి. కెప్టెన్ పదవి ఇవ్వకపోతే అతన్ని అవమానించినట్లు కాదు. నిజానికి అతని నెత్తి మీది బరువు తీసినట్లు. లెక్కలు, గొడవలు, అలకలు మరొకరు చూసుకుంటే అతను హాయిగా తన ఆట ఆడుకుంటాడు. ఈ సంగతి అతనికి ముందే, నలుగురిలో కాకుండా విడిగా, గౌరవంగా చెప్పవలసిన బాధ్యత పెద్దలది.

ఊళ్లు చెయ్యగలిగింది

మండల స్థాయి పోటీలకు రాయపోల్ కేంద్రమైనా, ఆట బతికేది చుట్టుపక్కల ఊళ్లలోనే. శిక్షకుడు లేడని, మంచి మైదానం లేదని, చాపలు లేవని యువకులు చెప్పే మాటల్లో నిజం వుంది. వాటికి డబ్బు కావాలి. కెప్టెన్‌ను సరిగ్గా ఎంచుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. యువజన సంఘాలు, వ్యాయామ ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు కలిసి కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవచ్చు.

మొదటిది, కాగితం నింపే రాత్రి కాకుండా నెల ముందే కెప్టెన్ పేరు తేల్చాలి. ఆ పేరు ఆడే పిల్లలే చెప్పాలి. చీటీ మీద ఒక్కొక్కరు ఒక పేరు రాసి ఇస్తే, ఎవరికి ఎవరి మీద నమ్మకముందో అరగంటలో తెలిసిపోతుంది. తన పేరు తాను రాసుకోకూడదన్న నియమం పెడితే ఇంకా మంచిది.

రెండోది, సాధన హాజరు ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఇరవై రోజులు వచ్చినవాడికి చోటు, ఆట ముందు రోజు వచ్చినవాడికి బయట బల్ల. మొనగాడికైనా, సర్పంచ్ ఇంటి పిల్లవాడికైనా ఇదే లెక్క. ఒక్కసారి ఈ లెక్క తప్పితే మిగిలిన ఆరుగురి నమ్మకం పోతుంది.

మూడోది, షీల్డు కోసం బయటి ఊరి ఆటగాళ్లను డబ్బిచ్చి తెచ్చే అలవాటు మానుకోవాలి. ఆ షీల్డు పంచాయతీ కార్యాలయం బీరువాలో వుంటుందేమో గాని, ఏడాదంతా చెమటోడ్చి చోటు దక్కని ఊరి పిల్లవాడు మరుసటి ఏడు మైదానానికి రాడు.

నాలుగోది, ఆడపిల్లల జట్లకూ ఇదే మైదానం, ఇదే పద్ధతి వుండాలి. బడిలో కబడ్డి, ఖోఖో బాగా ఆడే అమ్మాయిలు పదో తరగతి కాగానే ఆటకు దూరమవుతున్నారు. నలుగురిని వెంట పెట్టుకుని నడిచే గుణం ఆడపిల్లకు మైదానంలో అలవడితే, రేపు మహిళా సంఘంలోనో, కొలువులోనో అది ఆమెకు అక్కరకు వస్తుంది.

ఐదోది పెద్దల వంతు. గీత బయట నిలబడి ‘మన కులం పిల్లవాడు, మన వాడ పిల్లవాడు’ అని అరిచేది పిల్లలు కాదు, పెద్దలే. మైదానంలో వున్న ఏడుగురూ ఒకే ఊరి వారు. వారిని విడివిడిగా చూడడం మొదట పెద్దలు మానుకుంటే, పిల్లలు కలిసి ఆడడం తమంతట తామే నేర్చుకుంటారు.

మొదటి గీత మీద పేరు

పండుగ పోతుంది. షామియానా విప్పేస్తారు. సున్నపు గీతలు వానకు చెరిగిపోతాయి. రెండేళ్లు గడిస్తే ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో కూడా ఎవరికీ గుర్తుండదు. కాని ఆ ఏడుగురూ ఇదే ఊళ్లో బతకాలి. ఒకే కాలువ నీళ్లు పంచుకోవాలి, ఒకరి ఇంటి పెళ్లికి మరొకరు పందిరి వెయ్యాలి, ఆపద వచ్చిన రాత్రి ఒకరి తలుపు మరొకరు తట్టాలి. మైదానంలో కలిసి నిలబడడం నేర్చుకున్నవారికి ఆ పనులు తేలిక. మైదానంలో విడిపోయినవారికి ఆ తలుపు తట్టడమే కష్టం.

ఈ సంక్రాంతికి కాగితం చేతికి వచ్చినప్పుడు మొదటి గీత దగ్గర కలం ఒక్క క్షణం ఆపి చూడాలి. ఎవరు బాగా ఆడతారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఎవరుంటే మిగిలిన ఆరుగురూ బాగా ఆడతారో ఆలోచించి ఆ పేరు రాయాలి.